రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు రిపోర్టులో ఎక్కడ తెలుస్తుంది?
"హన్మకొండలో మా అక్కకు రెండో స్టేజీలో ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయిపోయాయి. ఇంకెక్కడికైనా పాకుతుందో లేదో ముందే తెలుస్తుందా?" అని అడిగారు. ఫలానా మనిషికి పాకుతుందని ఎవరూ చెప్పలేరు. ముప్పు ఎంతన్నది మాత్రం ఆపరేషన్ తర్వాత ఇచ్చిన బయాప్సీ రిపోర్టులోనే చాలావరకు ఉంటుంది.

ముందు చంకలోని లింఫ్ గ్రంథుల (నోడ్లు) లెక్క చూడండి. 2/14 అంటే తీసి చూసిన 14లో రెండింటికి క్యాన్సర్ ఉందని. కింది అంకెనూ వదలొద్దు. చంక మొత్తం తీశామని చెప్పి 0/5 అని రాస్తే ఆ సున్నాను గట్టిగా నమ్మలేం, కనీసం 10 దొరకాలి. క్యాన్సర్ ముందుగా చేరే గ్రంథులను మాత్రమే తీసి చూసే సెంటినల్ నోడ్ పద్ధతిలో అయితే రెండు మూడే తీస్తారు, అది వేరే సంగతి. తర్వాత గడ్డ 2 సెం.మీ. లోపా, 5 దాటిందా, గ్రేడు (కణాలు ఎంత దూకుడుగా కనిపిస్తున్నాయన్న అంకె) ఎంత, రక్త, లింఫ్ నాళాల్లోకి చొరబడిందా (ఎల్‌వీఐ అని రాస్తారు) చూడండి.

ముప్పు ఎప్పుడన్నది రకాన్ని బట్టి ఉంటుంది. ట్రిపుల్ నెగెటివ్ (ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలు, హెర్2 ప్రోటీన్ మూడూ లేని రకం) తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే. ఐదేళ్లు దాటితే భయం బాగా తగ్గుతుంది. ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజెన్ గ్రాహకాలు ఉన్న రకం) నెమ్మదిది, కానీ మొండిది. ఐదేళ్లు హార్మోన్ మాత్రలు వాడి ఆపినవాళ్ల లెక్కలు 2017లో వచ్చాయి. ఆ తర్వాతి 15 ఏళ్లలో దూరపు అవయవాలకు పాకే ముప్పు, చిన్న గడ్డ ఉండి గ్రంథుల్లో ఏమీ లేనివాళ్లకే 13 శాతం, 2-5 సెం.మీ. గడ్డ, 4-9 గ్రంథుల్లో క్యాన్సర్ ఉన్నవాళ్లకు 41 శాతం. ఇప్పటి మందులు అప్పటికన్నా మెరుగు. అయినా కీళ్ల నొప్పులనో, ఒంట్లో ఆవిర్లనో డాక్టరుకు చెప్పకుండా లెట్రోజోల్, టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్రలు మానేయడమే నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మాత్ర మార్చే వీలుంటుంది, అడగాలి.

అసలు క్యాన్సర్ ఏ రకమన్న నిర్ధారణే తప్పు కావచ్చు. తీసిన ముక్క గంటలోపు ముక్క చెడకుండా కాపాడే 10 శాతం ఫార్మలిన్ ద్రావణంలో పడాలి, 6 నుంచి 72 గంటలు నానాలి. రొమ్మును కోత పెట్టకుండా అలాగే డబ్బాలో వేసి వరంగల్ నుంచి హైదరాబాద్ ల్యాబుకు పంపితే ఫార్మలిన్ లోపలికి దిగదు, మధ్యభాగం చెడిపోతుంది. అప్పుడు ఈఆర్ ఉన్నా లేనట్టు రావచ్చు. అనుమానముంటే ఆ బ్లాకునే (ముక్కను మైనంలో పెట్టి దాచిన దిమ్మ) మళ్లీ పరీక్షిస్తే లాభం లేదు; ఆపరేషన్‌కు ముందు సూదితో తీసిన బయాప్సీ బ్లాకు అడిగి తెచ్చి, ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించండి. హెర్2 దగ్గర 2+ అని ఉంటే అది తేలనట్టే. హెర్2 జన్యువును లెక్కించే ఫిష్ పరీక్ష చేయించాలి, లేకపోతే హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ మందు అవసరమైనవాళ్లకు అందకుండా పోతుంది.

ఏ బాధా లేకుండా ఏటా పెట్ స్కాన్ తీయించి డబ్బు పోగొట్టుకోవద్దు, దానివల్ల ఆయుష్షు పెరగదు. ఏడాదికోసారి మామోగ్రామ్, మొదటి మూడేళ్లు 3-6 నెలలకోసారి డాక్టరు పరీక్ష చాలు. ఒకేచోట ఎముక నొప్పి రెండు మూడు వారాలైనా తగ్గక పెరుగుతుంటే, ఆయాసం వస్తుంటే, తలనొప్పితో వాంతులవుతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి.