పియానో దగ్గర మాత్రమే ముడుచుకుంటున్న వేళ్ళు: ఆపరేషన్ అవసరమా?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో గ్రేడ్ పరీక్షలు రాస్తూ పియానో నేర్చుకున్నాను. పైచదువుకు ఇంగ్లండ్ వచ్చి, ఇప్పుడు ఇక్కడే ఒక సంగీత కళాశాలలో విద్యార్థులకు పక్కవాద్యంగా పియానో వాయించే ఉద్యోగం చేస్తున్నాను. సాయంత్రాలు పిల్లలకు పాఠాలు, ఆదివారాలు చర్చిలో ఆర్గన్ ఉంటాయి. గత ఏడాది పరీక్షల సీజన్ నుంచి కుడి ముంజేయి నొప్పిగా ఉంటోంది. రెండు నెలలుగా స్కేల్స్ (స్వరాలను వరసగా పైకీ కిందికీ వాయించే అభ్యాసం) వాయించేటప్పుడు కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు నా ప్రమేయం లేకుండా లోపలికి ముడుచుకుంటున్నాయి. ఆ వేళ్ళలో నొప్పి లేదు. టైపు చేయడానికి, వంటకు ఇబ్బంది లేదు. తెలిసినవాళ్ళు కార్పల్ టనెల్ అంటున్నారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆపరేషన్ చేయించుకోవచ్చా? సాధన పెంచితే వేళ్ళు దారికి వస్తాయా? మే నెలలో ఒప్పుకున్న కచేరీ మానుకోవాలా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ఇప్పుడు ఆపరేషన్ అవసరం కనిపించడం లేదు, జబ్బు ఏదో తేలకముందే చేయించుకుంటే నష్టం కూడా జరగవచ్చు. సాధన పెంచడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. కచేరీ సంగతి చివర్లో చెబుతాను. మీరు ఒకే బాధ గురించి రాశాననుకుంటున్నారు గానీ, మీ ఉత్తరంలో నాకు రెండు సమస్యలు కనిపిస్తున్నాయి. ముంజేతి నొప్పి ఒకటి, నొప్పి లేకుండా వేళ్ళు ముడుచుకోవడం మరొకటి. మిమ్మల్ని ఎక్కువగా వేధిస్తున్నది మొదటిదే కావచ్చు, కానీ ముందుగా తేల్చుకోవలసినది రెండోది.

కార్పల్ టనెల్ అన్న మాట ఇప్పుడు చేతినొప్పులన్నిటికీ ఉమ్మడి పేరైపోయింది. మణికట్టు దగ్గర మీడియన్ అనే నరం నొక్కుకుపోవడం వల్ల వచ్చే జబ్బు అది. ఆ నరం బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగభాగానికి స్పర్శను ఇస్తుంది కాబట్టి, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం ఆ వేళ్ళలోనే వస్తాయి, రాత్రిళ్ళు నిద్ర లేపుతాయి, చేయి విదిలిస్తే కాస్త తగ్గుతాయి. చిటికెన వేలు ఆ నరం పరిధిలోకి రాదు. మీరు తిమ్మిరి గురించి రాయలేదు, బాధ ఉన్న వేళ్ళు కూడా వేరు. చిటికెన వేలికి, ఉంగరపు వేలి మిగతా సగానికి వెళ్ళేది మోచేతి వెనకనుంచి దిగే అల్నార్ నరం. అది నొక్కుకుపోతే ఆ రెండు వేళ్ళు మొద్దుబారతాయి, పట్టు తగ్గుతుంది. అయితే ఆ బలహీనత టైపు చేసేటప్పుడూ, సీసా మూత తిప్పేటప్పుడూ కూడా తెలియాలి. నరాల్లో సంకేతాలు ఎలా ప్రయాణిస్తున్నాయో కొలిచే నెర్వ్ కండక్షన్ పరీక్ష ఒకసారి చేయించుకుంటే ఈ రెండు నరాల సంగతీ తేలిపోతుంది. అది చేయించుకోమనే నా సలహా. అందులో ఏమీ బయటపడకపోవచ్చని కూడా ముందే చెబుతున్నాను.

నొప్పి, తిమ్మిరి లేకుండా, ఒకే ఒక్క పనిలో, ఎన్నో ఏళ్ళుగా అలవాటైన కదలికలోనే వేళ్ళు మాట వినకపోతే ఫోకల్ డిస్టోనియా అనే జబ్బును అనుమానించాలి. చేతిలో కండరమో నరమో దెబ్బతినడం వల్ల ఇది రాదు. వేళ్ళ కదలికలను విడివిడిగా నడిపే మెదడు వ్యవస్థలో, ఒక వేలికి వెళ్ళవలసిన ఆదేశం పక్క వేలికీ పొంగిపోవడం వల్ల వస్తుంది. వృత్తి సంగీతకారుల్లో సుమారు నూటికి ఒకరికి వస్తుందని అంచనా. ఎక్కువగా ముప్పైల వయసులో మొదలవుతుంది. మగవారిలో ఎక్కువే గానీ ఆడవారికి రాదని కాదు. పియానో వాయించేవారిలో కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకోవడం దీని బాగా తెలిసిన రూపం. మన దగ్గర రోజంతా చేత్తో రాసే పనిలో ఉన్నవారికి, కలం పట్టగానే వేళ్ళు బిగుసుకుపోయే రైటర్స్ క్రాంప్ వస్తుంటుంది. అదీ ఈ కుటుంబంలోదే.

ఆపరేషన్ గురించి అడిగారు కాబట్టి అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్ సంగతి చెప్పక తప్పదు. 1960ల మధ్యలో, ముప్పై ఆరేళ్ళ వయసులో, ఆయన కుడిచేతి చివరి రెండు వేళ్ళు మీరు రాసినట్టే ముడుచుకోవడం మొదలైంది. మొదట ఆయన కూడా సాధన పెంచారు, పరిస్థితి మరింత దిగజారింది. 1980ల తొలినాళ్ళలో కార్పల్ టనెల్ ఆపరేషన్ చేయించుకుని రెండు చేతులతో వేదిక ఎక్కారు గానీ అది నిలవలేదు. మూడు దశాబ్దాల పాటు ఎడమచేతి రచనలు వాయిస్తూ, పాఠాలు చెబుతూ, వాద్యబృందాలు నడిపిస్తూ గడిపి, 1990ల్లో, డిస్టోనియా అని తేలాక, కండరాన్ని సడలించే బొటాక్స్ (బొటులినమ్ టాక్సిన్) ఇంజెక్షన్ల సాయంతో మళ్ళీ రెండు చేతులకూ వచ్చారు. అంతకు వందేళ్ళకు పైగా ముందు, 1830ల తొలి రోజుల్లో జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ కూడా కుడిచేతి మధ్యవేలి బాధతో పియానో విద్వాంసుడు కావాలన్న కోరిక వదులుకున్నారు. వేళ్ళకు తర్ఫీదు ఇవ్వడానికి ఆయన ఒక యంత్రాన్ని కూడా వాడారు. ఆయనకు వచ్చింది డిస్టోనియాయేనని ఈనాటి నరాల వైద్యుల్లో చాలామంది అభిప్రాయం. అది నిజమైనా కాకపోయినా, వేళ్ళ బలం పెంచుతామంటూ అమ్మే సాధనాలనూ రబ్బరు బంతులనూ మీరు దూరం పెట్టాలి. పియానో మెట్టు (కీ) దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు చాలు. ఇరవై ఏళ్ళకు పైగా సాధన చేసిన మీ వేళ్ళకు బలం కొరత ఉండదు.

దీనికి రక్తపరీక్ష లేదు, ఎమ్మారైలో సాధారణంగా ఏమీ కనబడదు. అనుభవమున్న వైద్యుడు మీరు వాయిస్తుండగా చూసి నిర్ధారించవలసిందే. చేతులు చాపి చూపించి వచ్చేస్తే ఎవరైనా అంతా బాగుందనే అంటారు. వీలైతే చిన్న కీబోర్డు వెంట తీసుకెళ్ళండి, లేదా పైనుంచీ పక్కనుంచీ తీసిన వీడియోలు చూపించండి. నెమ్మదిగా ఒకసారి, మీ మామూలు వేగంలో ఒకసారి అదే స్కేల్ వాయించండి. పలచటి రబ్బరు గ్లవ్ తొడుక్కుని వాయిస్తే వేళ్ళు కాస్త మాట వింటున్నాయేమో కూడా గమనించండి. స్పర్శ మారితే కదలిక మెరుగుపడటం ఈ జబ్బున్న కొందరిలో కనిపించే విచిత్రమైన లక్షణం. అయితే రెండు నెలల లక్షణాలతో, అందులోనూ నొప్పితో అలసిన చేతిలో, ఇది డిస్టోనియాయేనని ఉత్తరం చదివి తేల్చడం సరికాదు. నొప్పిని తప్పించుకోవడానికి చేయి తనంతట తాను చేసుకునే సర్దుబాటు కూడా ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది. నొప్పి తగ్గాక అది పోతుంది.

ఒకవేళ డిస్టోనియా అని తేలితే, పూర్తిగా నయం చేసే మందు లేదు, అయినా వైద్యం ఉంది. ముడుచుకునే వేలిని నడిపే ముంజేతి కండరంలోకి, అల్ట్రాసౌండ్ లేదా ఇఎంజీ (కండరాల విద్యుత్ సంకేతాలను చూపే పరీక్ష) సాయంతో, కొద్ది మోతాదులో బొటులినమ్ టాక్సిన్ ఇస్తారు. మూడు నాలుగు నెలలకోసారి మళ్ళీ తీసుకోవాలి, మోతాదు కాస్త ఎక్కువైతే ఆ వేలు బలహీనపడుతుంది. ట్రైహెక్సీఫెనిడిల్ మాత్రలు కొందరికి పనిచేస్తాయి గానీ నోరు ఎండిపోవడం, మతిమరుపు వల్ల చాలామంది వదిలేస్తారు. తప్పు కదలిక మొదలయ్యే వేగం కంటే తక్కువ వేగంలో, నెలల తరబడి, కదలికను మళ్ళీ మొదటినుంచి నేర్పే పద్ధతికి ఓపిక కావాలి. జర్మనీలోని హానోవర్‌లో సంగీతకారుల వైద్యానికే ఒక సంస్థ ఉంది. అక్కడ చికిత్స పొందిన 144 మంది గురించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో 54 శాతం మంది తమకు మెరుగైందని చెప్పారు. ఆ అంకెలో ఆశ ఎంత ఉందో హెచ్చరికా అంతే ఉంది. తప్పు కదలికను లెక్కలేనన్నిసార్లు వాయించి మెదడుకు అలవాటు చేయకముందే ఆగడం మంచిదన్న నా ఆత్రుత అందుకే. వేలు ముడుచుకుంటున్న ఆ స్కేల్‌ను ఈ రోజు నుంచి ఆపేయండి.

ఇక ముంజేతి నొప్పి. దీని మూలం మీ చేతిలో కంటే మీ పనివేళల పట్టికలో ఎక్కువగా ఉందని నా అభిప్రాయం. పియానో కళాకారులు అనగానే జనానికి వేదిక మీద ఒంటరిగా కూర్చున్న విద్వాంసులు గుర్తొస్తారు గానీ, ఆ వాద్యం మీద బతికేవారిలో చాలామంది మీలాగే పక్కవాద్యం, పాఠాలు, చర్చి కొలువు కలుపుకుని నెల గడుపుకునేవారు. సొంత కచేరీకి సిద్ధమయ్యే కళాకారుడు ఏం వాయించాలో, రోజుకు ఎంత వాయించాలో తానే నిర్ణయించుకుంటాడు. మీకు ఆ వీలు లేదు. పరీక్షల సీజన్‌లో పది మంది విద్యార్థులు పది రకాల రచనలు తెస్తారు. వాటిలో సగం మీరు ఆ వారమే మొదటిసారి చూస్తారు. వాటిలోనూ కష్టమైనవి కన్‌చెర్టోలు, అంటే ఒక వాద్యకారుడూ నిండు వాద్యబృందమూ కలిసి వాయించే రచనలు. నిండు వాద్యబృందం వాయించవలసిన దాన్ని రెండు చేతుల్లోకి కుదించిన ఆ పుటలు, పియానో కోసం రాసినవి కావు కాబట్టి, వరసగా ఆక్టేవ్‌లతో (ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో, చేయి బాగా చాపి ఒకేసారి నొక్కడం), గబగబా వణికించే స్వరాలతో చేతిని పిండేస్తాయి. అలాంటివి విరామం లేకుండా నాలుగైదు గంటలు వాయించి, సాయంత్రం పిల్లల పక్కన మెలితిరిగి కూర్చుని చూపించి, ఆదివారం ఉదయం చలిగా ఉన్న చర్చిలో వేళ్ళు వేడెక్కకముందే ఆర్గన్ మీద చేతులు పెడితే, ముంజేతి కండరాలకూ, వాటిని ఎముకలకు కలిపే టెండన్లకూ కోలుకునే సమయం ఎక్కడ దొరుకుతుంది?

దీనికి తోడు వాద్యం మీది కాదు. వయోలిన్ కళాకారుడు తన వయోలిన్ తానే మోసుకెళ్తాడు, మీరు గదిలో ఏ పియానో ఉంటే దానికి ఒదిగిపోవాలి. ఒకదాని మెట్లు బరువు, మరొకదాని బెంచీ ఎత్తు మారదు. పైగా ఇప్పటి పియానోలో ఆక్టేవ్ వెడల్పు సుమారు 16.5 సెంటీమీటర్లు. అది పెద్ద చేతులకు సరిపోయే కొలత. చేయి చిన్నదైన వారిలో, అంటే ఎక్కువగా ఆడవారిలో, నొప్పులు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. జోసెఫ్ హాఫ్‌మన్ అంతటి విద్వాంసుడికి స్టెయిన్‌వే సంస్థ ఇరుకైన మెట్లతో పియానో ప్రత్యేకంగా చేసిచ్చింది. ఇప్పుడు 6 అంగుళాల, 5.5 అంగుళాల ఆక్టేవ్ ఉన్న కీబోర్డులు తయారవుతున్నా, కళాశాలల్లో అరుదు. మీ చేయి పూర్తిగా చాపి బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా కొలిచి, ఆ కొలత వైద్యుడికి కూడా చెప్పండి.

పూర్తి విశ్రాంతి కంటే లెక్కగా తగ్గించడం మేలు. రాబోయే మూడు వారాలు పాఠాలు, ఆర్గన్ కలుపుకుని మీరు వాయించే మొత్తం సమయాన్ని సగానికి తగ్గించండి. ఒక విడతలో 20 నుంచి 25 నిమిషాలకు మించకుండా, మధ్యలో కనీసం ఐదు నిమిషాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి. ఆ ఐదు నిమిషాలు ఫోన్ పట్టుకుంటే విరామం కింద లెక్క కాదు. వాయించిన తర్వాత వచ్చిన నొప్పి మర్నాటికీ ఉంటే ఆ మోతాదు మీకు ఎక్కువైనట్టే. నొప్పి అదుపులోకి వచ్చాక వారానికి పది శాతం చొప్పున పెంచండి, కుదించిన కన్‌చెర్టో పుటలను చిట్టచివరకు ఉంచండి. ఆ పుటల్లో ఆక్టేవ్‌ల కింది స్వరాన్ని వదిలేయడం, వణికించే స్వరాలను పలచన చేయడం అనుభవమున్న పక్కవాద్యకారులందరూ చేసే పనే, అది పరీక్షల్లో విద్యార్థికి అన్యాయం చేయదు. భుజం, వెన్ను పైభాగం కండరాలకు ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామం మొదలుపెట్టండి.

సాధన తగ్గితే రచనలు చేజారతాయని భయపడకండి. 1995లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, పియానో రానివారికి ఐదు వేళ్ళ అభ్యాసం ఇచ్చి రోజుకు రెండు గంటల చొప్పున ఐదు రోజులు సాధన చేయించారు. మెట్లు తాకకుండా మనసులోనే వాయించుకున్నవారి మెదడులో కూడా, చేతితో వాయించినవారితో పోల్చదగ్గ మార్పులు కనిపించాయి. కొత్త రచనలను ముందు కుర్చీలో కూర్చుని చదవండి.

మందుల విషయం క్లుప్తంగా చెబుతాను. పాఠానికి ముందు ఐబుప్రొఫెన్ వేసుకుని వాయించే అలవాటు ఉంటే మానేయండి. నొప్పి తెలియకుండా పోతే మోతాదు మీకెలా తెలుస్తుంది? వేదిక భయానికి ప్రొప్రనలాల్ వాడేవారు మీ వృత్తిలో తక్కువేమీ లేరు. ఆస్తమా ఉన్నవారు దాన్ని ముట్టుకోకూడదు, వైద్యుడి చీటీ లేకుండా స్నేహితుల దగ్గర అడిగి తీసుకోకూడదు.

ఇండియా వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కళాకారుల ఆరోగ్యం కోసమే పనిచేసే బ్రిటిష్ అసోసియేషన్ ఫర్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ మెడిసిన్ అక్కడే ఉంది. వారి క్లినిక్‌లలో ఉచితంగా పరీక్షించి సలహా ఇస్తారు. అదే సమయంలో మీ జీపీని (అక్కడి కుటుంబ వైద్యుణ్ణి) అడిగి, కదలికల జబ్బులు చూసే న్యూరాలజిస్టుకు రాయించుకోండి. థైరాయిడ్, మధుమేహం, బీ12 పరీక్షలు కూడా అడగండి. శాకాహారులైతే బీ12 తప్పనిసరి. వాయించనప్పుడు కూడా తిమ్మిరి ఉన్నా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ తగ్గినట్టు కనబడినా, మెడ నుంచి నొప్పి చేతిలోకి దిగినా, పొద్దున్నే వేళ్ళ కీళ్ళు వాచి బిగుసుకుపోతున్నా, ఆ అపాయింట్‌మెంట్ కోసం వేచి ఉండకుండా వెంటనే వైద్యుణ్ణి కలవండి.

మే కచేరీ విషయానికొస్తే, ఒప్పుకున్న రచనలను ఇప్పుడున్న స్థితిలో వాయించవద్దు. నిర్వాహకులకు ఈ వారమే చెబితే వారికి మరొకరిని చూసుకునే వ్యవధి ఉంటుంది, మీ పేరూ చెడదు. ఎడమచేతి రచనలతో నెట్టుకొద్దామన్న ఆలోచన కూడా మీకు రావచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి కోల్పోయిన ఆస్ట్రియా పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ అలాంటి రచనలను ఫ్రెంచి స్వరకర్త రవేల్ వంటివారి చేత రాయించుకుని కచేరీలు చేశారు. అయితే అవి రెండు చేతుల పనిని ఒక చేతి మీద మోపేవి. మీ ఎడమచేయీ ఇదే పనివేళల్లో అలసిన చేయి కాబట్టి, మే నెలకు వాటిని తలపెట్టవద్దు. కళాశాల ఉద్యోగం మాత్రం వదలనక్కర్లేదు. బ్రిటన్‌లో జీపీ ఇచ్చే ఫిట్ నోట్‌లో (పని చేయగలరో లేదో తెలిపే వైద్య పత్రంలో), పూర్తి సెలవు కాకుండా, తగ్గించిన గంటలు, మార్చిన విధులు అని సూచించే వీలుంది. పరీక్షల సీజన్ పట్టిక తయారుకాకముందే అది తీసుకుని, విద్యార్థికీ విద్యార్థికీ మధ్య విరామం, మీకు కేటాయించే కన్‌చెర్టోల సంఖ్యకు పరిమితి రెండూ రాతపూర్వకంగా అడగండి.