దర్శనానికి వచ్చే చుట్టాలకు ఈసారి కుదరదని చెప్పడం స్వార్థమా?

తిరుపతిలో ఇల్లుందని చుట్టాలంతా మీ దగ్గరే దిగుతున్నారు, వండిపెట్టి వండిపెట్టి నిద్ర కూడా లేదు, వద్దంటే స్వార్థమా అని అడిగారు. కానే కాదండీ. పద్దెనిమిదేళ్లు దాటిన ఎవరికైనా రోజూ కనీసం 7 గంటల నిద్ర కావాలి, అది నెలల తరబడి తగ్గితే బీపీ, షుగర్ వచ్చే ముప్పు పెరుగుతుంది, చిరాకు సరేసరి. వాళ్లు రైలెక్కాక కాదు, ఫోన్ చేసినప్పుడే చెప్పేయండి: "వదినా, ఈ వారం నాకు ఓపిక లేదు, స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండ్ దగ్గర శ్రీనివాసం అని దేవస్థానం వాళ్ల వసతి గృహాలు ఉన్నాయి, రూము చూసుకోండి, ఒక పూట భోజనానికి మాత్రం రండి." ఇంతకంటే సంజాయిషీ వద్దు, చెప్పేకొద్దీ బతిమాలతారు. కొందరు మొహం ముడుచుకుంటారు, ముడుచుకోనివ్వండి. బ్రహ్మోత్సవాలప్పుడు తప్పదంటే ఇంట్లో మగవాళ్లూ వంటలో చెయ్యి వేయాల్సిందే. దిగులు మరీ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.