అప్పు తీరింది సరే, ఇన్సూరెన్స్ తీసేస్తానంటావేంటే?

స్వప్నా,

మొన్న మీ అమ్మ ఫోన్లో ఒకే గుక్కలో రెండు కబుర్లు చెప్పింది. ఫ్రిస్కో ఇంటి లోన్ మొత్తం కట్టేశారని ఒకటి. ఇక అడిగే బ్యాంకు లేదు కాబట్టి ఈ రెన్యువల్‌కి ఇంటి ఇన్సూరెన్స్ తీసేసి, ఆ డబ్బు మీరే విడిగా దాచుకుంటారని రెండోది. మొదటి కబురుకి ఎంత సంబరపడ్డానో చెప్పలేను. రెండు సూట్‌కేసులతో మా ఇంట్లో దిగిన కొత్తలో డాలర్‌ని రూపాయల్లోకి మార్చి చూసుకుని కాఫీ కూడా కొనుక్కునేదానివి కాదు. ఆ పిల్ల ఇవాళ టెక్సస్‌లో అప్పు లేని ఇంటికి యజమానురాలు. మీ పెదనాన్న ఇప్పటికే ఊరందరికీ చెప్పేశారు.

రెండో కబురు విన్న దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. ఫోన్ చేస్తే "సరే పెద్దమ్మా, చూస్తాం పెద్దమ్మా" అంటూ ఇంకో పని చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను. అల్లుడికి కూడా చదివి వినిపించు, లెక్కల మనిషి కదా.

నీ కోపంలో తప్పు లేదు. పోయినేడు 3,900 డాలర్లున్న ప్రీమియం ఈ ఏడు 5,200 అయితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. పైగా ఒక్క క్లెయిమ్ కూడా చెయ్యలేదాయె. కానీ పెరిగింది నీ ఒక్క ఇంటిని చూసి కాదు. కరోనా తర్వాత షింగిల్స్ (రూఫ్ మీద పరిచే పలకలు), కలప, కూలీ అన్నీ పెరిగాయి. కంపెనీలు తమ నష్టాలకు తాము కొనుక్కునే రీఇన్సూరెన్స్ ఖరీదైంది. డల్లాస్ చుట్టుపక్కల వసంతం వచ్చిందంటే వడగళ్ళు తప్పవు. పైగా మన రాష్ట్రంలో కంపెనీ కొత్త రేట్లను ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి దాఖలు చేసి వెంటనే వాడుకోవచ్చు, ముందు అనుమతి వచ్చేదాకా ఆగక్కర్లేదు. అయినా దొరుకుతోంది కదా అని సంతోషించాలి. కాలిఫోర్నియాలో 2023లో స్టేట్ ఫార్మ్ అంతటి కంపెనీ కొత్తగా ఎవరికీ ఇంటి పాలసీలు ఇవ్వడమే ఆపేసింది.

ఇప్పుడు మీరు దాచుకుంటామన్న లెక్క చూద్దాం. మీ ఇల్లు మళ్ళీ కట్టాలంటే నాలుగున్నర లక్షల డాలర్లని పాలసీలో ఉందట. ఏడాదికి 5,200 చొప్పున దాస్తే అంత కూడడానికి 86 ఏళ్ళ పైనే పడుతుంది. అగ్నిప్రమాదం అప్పటిదాకా ఆగుతుందా? వడ్డీ వస్తుంది, స్టాక్స్‌లో పెడతాం అంటాడు అల్లుడు. పెట్టండి. మూడో ఏట డ్రయర్ గొట్టంలో పేరుకున్న నూగు అంటుకుంటే ఆ స్టాక్స్ అమ్మి ఎన్ని గోడలు కడతారో ఆ లెక్క కూడా వెయ్యమను.

పైగా మీరు ఇంటి గురించే ఆలోచిస్తున్నారు. నా భయం ఆ స్విమ్మింగ్ పూల్. అది తవ్వించినప్పుడే వద్దన్నాను, విన్నారు కాదు. సరే, అయిపోయింది. వారం వారం మీ పిల్లల స్నేహితులు వస్తారు, దూకుతారు, తడి కాళ్ళతో టైల్స్ మీద పరిగెడతారు. ఎవరి పిల్లకైనా దెబ్బ తగిలి వాళ్ళు కోర్టుకి వెళ్తే, లాయర్ని పెట్టి మీ తరఫున వాదించేది ఈ పాలసీలోని లయబిలిటీ భాగమే. అది ఇంటి బీమాతో పాటే పోతుంది, ఆ సంగతి తట్టిందా మీకు? చాలా పాలసీల్లో అది లక్ష డాలర్లతో మొదలవుతుంది. మూడు లక్షలకో ఐదు లక్షలకో పెంచినా ప్రీమియం పెద్దగా పెరగదు. పూల్ సంగతి కంపెనీకి చెప్పారో లేదో కూడా చూసుకో. గేటుకి గొళ్ళెం తనంతట తాను పడేట్టు పెట్టించు. ఈ వారమే.

ఇక అసలు సంగతి. మీ అమ్మ ఇంకో మాట కూడా అంది: "తీసెయ్యకపోతే కనీసం చవక పాలసీకి మారుతుందట అక్కా, ఎవరో సగం ధరకి ఇస్తామన్నారట" అని. సగం ధర అనగానే నాకు డల్లాస్ దగ్గర వైలీ ఊళ్ళోని మా ఇల్లు గుర్తొచ్చింది. ఇది రాశానని మీ పెదనాన్నతో అనకు, ఆయనకి ఇప్పటికీ ఆ ప్రస్తావన వస్తే ముఖం మారిపోతుంది.

అప్పట్లో మాకూ ప్రీమియం పెరిగింది. ఆయన నాలుగు చోట్ల అడిగి ఏడాదికి 600 డాలర్లు తక్కువయ్యే పాలసీ పట్టుకొచ్చారు. అంతా అదే కవరేజీ అన్నాడట ఏజెంటు. డెక్ పేజీ, అంటే పాలసీ వివరాలన్నీ ఉండే మొదటి కాగితం, దాని మీద రెండు లైన్లు మారాయి. ఒకటి, గాలి-వడగళ్ళ డిడక్టిబుల్, అంటే క్లెయిమ్‌లో మనం చేతి నుంచి పెట్టుకోవాల్సిన భాగం, 2 శాతం. రెండు, రూఫ్‌కి రీప్లేస్‌మెంట్ కాస్ట్ (కొత్తది వేయించే ఖర్చు) బదులు యాక్చువల్ క్యాష్ వాల్యూ (పాతబడినంత తీసేశాక మిగిలే విలువ). ఈయన మొదటిది చదివి, నష్టంలో 2 శాతం మనం పెట్టుకోవాలి కాబోలు, పోనీలే అనుకున్నారు. రెండోది చదవలేదు. ఆడిట్ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి!

2016 ఏప్రిల్‌లో వైలీ మీద వడగళ్ళు పడ్డాయి. సాయంత్రం పూట. మొదట ఎవరో పెరట్లోకి రాళ్ళు విసురుతున్నారనుకున్నాను. తర్వాత స్కైలైట్ పగిలి గాజు పెంకులు హాల్లో పడ్డాయి. మేమిద్దరం మెట్ల కింద అల్మరాలో వాక్యూమ్ క్లీనర్ పక్కన ముడుచుకుని కూర్చున్నాం. అంతా ఆగాక బయటికొచ్చి చూస్తే లాన్ నిండా మంచు గడ్డలు, కొన్ని నా పిడికిలి కంటే పెద్దవి. ఫెన్సింగ్ చెక్కలకి చిల్లులు. గటర్ గొట్టం కింద నల్లటి ఇసుక కుప్ప, అది షింగిల్స్ మీది పొర రాలి కొట్టుకొచ్చింది.

నష్టం లెక్కకట్టడానికి కంపెనీ తరఫున అడ్జస్టర్ వచ్చాడు. పాపం మర్యాదస్తుడే. పైకెక్కి పదడుగులకి పదడుగులు చాక్‌పీసుతో గీత గీసి అందులో దెబ్బలు లెక్కపెట్టాడు. ఒక్కో దెబ్బ చుట్టూ సున్నా. దిగి వచ్చి "రూఫ్ మొత్తం మార్చాల్సిందే" అన్నాడు. ఈయన నా వైపు చూసి నవ్వారు, చూశావా ఇందుకే ఇన్సూరెన్స్ అన్నట్టు.

కాగితం వచ్చాక ఆ నవ్వు పోయింది. రూఫ్‌కి 19,400, కిటికీలకి, స్కైలైట్‌కి, ఫెన్సింగ్‌కి 3,100. మొత్తం 22,500. అందులోంచి రూఫ్ పాతదైనందుకు తరుగుదల 13,600 తీసేశారు. మిగిలింది 8,900. డిడక్టిబుల్ 2 శాతమంటే నష్టం మీద కాదు, ఇల్లు మొత్తం బీమా చేసిన మొత్తం మీద. 3,10,000కి 2 శాతం, 6,200. అది కూడా పోయాక చేతికొచ్చిన చెక్కు 2,700 డాలర్లు. మిగతా 19,800 మేమే పెట్టుకున్నాం. ఆ ఏడు ఇండియా టికెట్లు రద్దు చేసుకున్నాం. మీ అమ్మమ్మ షష్టిపూర్తికి... కాదు, అది అంతకు ముందే అయింది, మీ అన్నయ్య ఎంగేజ్‌మెంట్‌కి. మేమెందుకు రాలేదో అప్పట్లో మీకెవరికీ సరిగా చెప్పలేదు. ఇదీ కారణం.

రీప్లేస్‌మెంట్ కాస్ట్ ఉండుంటే ఆ తరుగుదల డబ్బుని కంపెనీ ముందు ఆపి ఉంచి, పని పూర్తయ్యాక ఇచ్చేది. మాకు ఆ దారే లేదు. తప్పు ఏజెంటుదా, చదవని మనిషిదా అని నన్నడక్కు. ఏమైనా ఆయన నా తల మీద మంచు గడ్డ పడనివ్వలేదు, మెట్ల కింద నన్ను ఒళ్ళో దాచుకున్నారు. అది కూడా నాకు గుర్తుంది.

అందుకని సగం ధర పాలసీ తెచ్చినవాణ్ణి రెండే అడుగు. రూఫ్ ఎలా లెక్కకడతారు? గాలి-వడగళ్ళ డిడక్టిబుల్ డాలర్లలో ఎంత? శాతాలు చెప్పనివ్వకు. నీ ఇంటికి 1 శాతం అంటే 4,500, 2 శాతం అంటే 9,000. 2 శాతానికి వెళ్తే ఏడాదికి 900 తగ్గుతుందనుకో, ఐదేళ్ళపాటు వడగళ్ళు పడకపోతే గానీ గిట్టుబాటు కాదు. మీ బ్యాంకులో 9,000 ఊరికే ఉందంటే ఆ పందెం కాయొచ్చు, నేను వద్దనను. మీరు దాచుకుంటామన్న డబ్బుకి సరైన చోటు అదే, డిడక్టిబుల్ అంత మొత్తం విడిగా పెట్టుకోండి. మామూలు డిడక్టిబుల్‌ని కూడా పెంచుకో. చిన్న చిన్న నష్టాలకి క్లెయిమ్ చెయ్యకు. క్లెయిమ్‌ల చరిత్ర క్లూ రిపోర్టులో ఏడేళ్ళదాకా కనిపిస్తుంది, రేటు కట్టేవాళ్ళు అది తిరగేస్తారు. ఏడాదికోసారి దాన్ని ఉచితంగా తెప్పించుకోవచ్చు.

కారు పాలసీతో కలపడం, అలారం, లీక్ సెన్సర్లు, ఇవన్నీ నీకు తెలిసినవే. క్రెడిట్ స్కోరు ఇక్కడ ఇంటి ప్రీమియం మీద కూడా పనిచేస్తుంది. ఎప్పుడైనా రూఫ్ మార్చేటప్పుడు వడగళ్ళని బాగా తట్టుకునే క్లాస్ ఫోర్ షింగిల్స్ వేయిస్తే డిస్కౌంట్ ఇస్తారు, కానీ దాంతోపాటు కాస్మెటిక్ డ్యామేజీకి, అంటే పైపైన పడ్డ సొట్టలకి, డబ్బివ్వబోమనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే షరతు) మీద సంతకం పెట్టమంటారేమో చూసుకో. ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంటుని కాకుండా నాలుగైదు కంపెనీలు చూపించే ఇండిపెండెంట్ ఏజెంటుని పట్టుకో. మరీ చవగ్గా వస్తే సర్‌ప్లస్ లైన్స్ కంపెనీయా, అంటే రాష్ట్రం మామూలు లైసెన్సు లేనిదా, అని అడుగు. అలాంటిది దివాలా తీస్తే రాష్ట్ర గ్యారంటీ అసోసియేషన్ ఆదుకోదు. కొత్త పాలసీ మొదలయ్యే తేదీ ఉన్న కాగితం చేతిలో పడకుండా పాతది రద్దు చెయ్యకు.

ఇల్లు ఆరు లక్షలు పలుకుతుంటే నాలుగున్నర లక్షలకే బీమా ఏంటని అడిగావట. మట్టి కాలిపోదే పిల్లా. బీమా కట్టుబడికే, స్థలానికి కాదు. దాన్ని తగ్గించమని మాత్రం అడక్కు.

లోన్ తీరింది కాబట్టి ఎవరూ చెప్పని పనులు కొన్ని ఉన్నాయి. ఎస్క్రోలో, అంటే టాక్స్‌కీ ఇన్సూరెన్స్‌కీ అని మీ దగ్గర తీసుకుని బ్యాంకు పక్కన పెట్టిన ఖాతాలో, మిగిలిన డబ్బు 20 పనిదినాల్లో మీకు తిరిగి రావాలి, రాకపోతే అడుగు. ఇకనుంచి ప్రీమియం, ప్రాపర్టీ టాక్స్ రెండూ మీరే కట్టాలి. టాక్స్‌కి ఆఖరి గడువు జనవరి 31. ఇంతకాలం బ్యాంకు కట్టింది కాబట్టి మర్చిపోవడం చాలా తేలిక. ఏజెంటుకి ఫోన్ చేసి పాలసీలోంచి బ్యాంకు పేరు తీయించు. లేకపోతే రేపు క్లెయిమ్ చెక్కు మీ పేరుతో పాటు బ్యాంకు పేరు మీద కూడా వస్తుంది, తీరిపోయిన అప్పు కోసం వాళ్ళ సంతకానికి తిరగాలి. ఇంటి మీద బ్యాంకు హక్కు తీరిపోయిందనే లీన్ రిలీజ్ కాగితం కౌంటీలో రికార్డయిందో లేదో కూడా చూడు.

వరద ఈ పాలసీలోకి రాదు. పైపు పగిలితే వస్తుంది, వాగు పొంగితే రాదు. 2017లో హార్వీ తుఫాను అప్పుడు హ్యూస్టన్‌లో ఎంతమందికి ఆ తేడా ఇల్లు మునిగాక తెలిసిందో. మీ వెనకాల ఆ క్రీక్ ఉంది. ప్రభుత్వ వరద బీమాకి మామూలుగా 30 రోజులు ఆగాలి, కాబట్టి మబ్బులు చూసి కొంటే కుదరదు. ఒకసారి రేటు అడిగి చూడు, చవకే కావచ్చు. పైపులంటే, 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయి మీరంతా మా ఫైర్‌ప్లేస్ ముందు పడుకున్నప్పుడు మా పక్కింటి అటకలో పైపు పగిలి సీలింగంతా వాళ్ళ డైనింగ్ టేబుల్ మీద పడింది. అందుకే చలి పెరిగినప్పుడల్లా కుళాయిలు సన్నగా వదలమని ఫోన్ చేస్తాను. విసుక్కోకు.

బంగారం సంగతి వేరే చెప్పాలా? చాలా పాలసీల్లో దొంగతనం జరిగితే నగలన్నిటికీ కలిపి 1,500 డాలర్ల దగ్గర ఆగిపోతుంది. మీ అమ్మ పెట్టిన కాసుల పేరు ఒక్కదానికే చాలదు. విలువ కట్టించి విడిగా షెడ్యూల్ చేయించు, అంటే పాలసీలో ఆ నగని పేరుతో సహా రాయించు. బ్యాంకు లాకర్లో ఉంటే డిపాజిట్లకుండే ఎఫ్‌డీఐసీ బీమా దానికి వర్తించదు.

ఇంకొకటి. వడగళ్ళు పడ్డ మర్నాడే తలుపు తట్టే రూఫర్లుంటారు, "డిడక్టిబుల్ మేం చూసుకుంటాం మేడమ్" అంటారు. ఇక్కడ 2019 నుంచి అది చట్టరీత్యా నేరం, మీరు కట్టినట్టు రుజువు కంపెనీ అడగొచ్చు. అల్లుడు బేరం అనగానే మెత్తబడతాడు, తలుపు నువ్వే తియ్యి.

రెన్యువల్ తేదీ ఎప్పుడో మీ అమ్మ సరిగా చెప్పలేదు. పాత పాలసీది, ఆ సగం ధర వాడిచ్చినది, రెండిటి డెక్ పేజీలూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. రూఫ్ అని ఉన్న లైను కట్ కాకుండా తియ్యి. ఆదివారం పొద్దున్నే కూర్చుని చూస్తాను. పెదనాన్న గుడికి వెళ్తారు, ఆయన వచ్చేలోపు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ