మీరు అడిగారు: డ్యూన్ సినిమాలో అసలు సరుకు పోయిందా?

ప్రశ్న: డ్యూన్ రెండు పార్టులూ కోరమంగళ ఐమాక్స్‌లో చూశానండి, పిచ్చిపిచ్చిగా నచ్చాయి. నవల చదివిన మా రూమ్మేట్ మాత్రం అసలు సరుకంతా తీసేశారు అంటున్నాడు. నిజమేనా?
- ఓ పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ రూమ్మేట్ చెప్పింది చాలావరకు నిజమేనండి, కానీ ఒక్క విషయంలో సినిమాయే నవల కంటే సూటిగా ఉంది, అది తర్వాత చెప్తా.

ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో రాసిన నవలలో సగం కథ మనుషుల బుర్రల్లోనే నడుస్తుంది, పైకి మర్యాదగా మాట్లాడుతూ లోపల ఎవడు ఎవణ్ణి దెబ్బకొడతాడా అని లెక్కలేసుకుంటూ ఉంటారు. 1984లో డేవిడ్ లించ్ ఆ ఆలోచనల్ని వాయిస్ ఓవర్‌లో వినిపించాడు, మొత్తం నవలని రెండుంపావు గంటల్లో కుక్కేసరికి ఊపిరాడలేదు. డెనీ విల్నవ్ కథని రెండు సినిమాలు (2021, 2024) చేసి, ఆలోచనలు పక్కనపెట్టి ఎడారినీ శబ్దాన్నీ నమ్ముకున్నాడు. జోర్డాన్‌లో వాడీ రమ్‌కీ, అబుదాబీ ఇసుక తిన్నెల్లోకీ వెళ్లి తీశారు కాబట్టే ఆ ఎండ మొహాన కొట్టినట్టుంటుంది. మొదటి పార్టుకి 6 ఆస్కార్లొచ్చాయి, అన్నీ కెమెరా, ఎడిటింగ్, సంగీతం, సౌండ్, ప్రొడక్షన్ డిజైన్, విజువల్ ఎఫెక్ట్స్‌కే, స్క్రీన్‌ప్లేకి నామినేషన్‌తోనే సరి. నాకైతే న్యాయమే అనిపించింది.

ఎందుకంటే కథానాయకుడు పాల్ కుటుంబానికి వైద్యుడైన డాక్టర్ యుయే ద్రోహం చూడండి. నవలలో ఆయనే ద్రోహి అని మనకి మొదట్లోనే చెప్పేస్తాడు హెర్బర్ట్, ఇక పాల్ తల్లి జెస్సికా ఆయన్ని నమ్మి మాట్లాడుతున్న ప్రతిసారీ మనకి గుండెదడ, పైగా ఆయనలాంటి డాక్టర్లకి ప్రాణం తియ్యలేనంత గట్టి ట్రైనింగ్ ఉంటుంది, అందుకే ఎవరూ అనుమానపడరు, అలాంటాయన ఎలా లొంగాడన్నదే అసలు బాధ. సినిమాలో ఆయనెవరో మనకి తెలిసేలోపే పోతాడు. పాల్ వంశానికి వ్యూహకర్త తూఫిర్ హవాత్ అయితే రెండో పార్టులో లేనేలేడు. ఆ ఎడారి గ్రహంలో మాత్రమే దొరికే స్పైస్ అనే పదార్థం లేకపోతే గ్రహాల మధ్య ఓడలు కదలవన్న సంగతి కూడా ఇలా అని అలా వదిలేశారు, క్లైమాక్స్‌లో స్పైస్‌ని నాశనం చేస్తానన్న పాల్ బెదిరింపుకి అంత బలం దాన్నుంచే వస్తుంది కదా!

ఇక చానీ, పాల్ ప్రేమించే ఎడారి తెగ అమ్మాయి. నవలలో చివరిదాకా పాల్ పక్కనే ఉంటుంది, చక్రవర్తి కూతుర్ని పెళ్లాడతానన్నా సర్దుకుంటుంది. సినిమాలో పాలే తమని కాపాడే ప్రవక్త అన్న కథని నమ్మదు, వాడు సింహాసనం ఎక్కగానే వెళ్లిపోతుంది. ఈ మార్పు నాకు చాలా చాలా నచ్చింది, ఎందుకంటే హెర్బర్ట్ చెప్పాలనుకున్నది కూడా నాయకుణ్ణి గుడ్డిగా నమ్మొద్దనే, అయినా చాలామంది పాల్‌ని హీరోగానే చదువుకున్నారు, 1969లో వచ్చిన రెండో నవల డ్యూన్ మెసయాలో దాని ఫలితం చూపించాల్సొచ్చింది. కటౌట్లకి పాలాభిషేకాలు చేసే మనకి చానీ మొహంలో ఆ కోపం బాగా తగలాలి.

ప్రశ్న: నవల ఇంకా చదవలేదు మేడమ్. ముందు సినిమా చూసేస్తే చదివే మజా పోతుందా?
- ఓ పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: పోదమ్మా, ముందు మొదటి పార్టు చూసెయ్యండి. నవల మొదలుపెట్టగానే కొత్త పేర్లు మీద పడతాయి, చివర్లో పదాల పట్టిక ఇచ్చినా మాటిమాటికీ వెనక్కి తిప్పాలంటే విసుగొస్తుంది, మొహాలు తెలిసుంటే హాయిగా సాగుతుంది. రెండో పార్టు మాత్రం నవల పూర్తయ్యాకే చూడండి, పాల్ చెల్లెలు అలియా పాత్రని ఎంత మార్చారో అప్పుడే తెలుస్తుంది.