వార్డు కమిటీ మినిట్స్ తీసుకోవడమెలా?

ప్రశ్న: బెంగళూరులో ఉంటున్నాం. మా వార్డు కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో, ఏం తీర్మానిస్తుందో తెలియడం లేదు. సమాచార హక్కు దరఖాస్తు తెలుగులో పెట్టొచ్చా?

జవాబు: తెలుగులో కుదరదండీ. చట్టం ఒప్పుకునేది ఇంగ్లిష్, హిందీ, ఆ ప్రాంత అధికార భాష, ఇక్కడైతే కన్నడ. రాయలేనివారు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారి సాయపడాలి. ఈ హక్కును వదులుకోకండి.

నిజానికి కమిటీల సమావేశాలకు ప్రజలు రావొచ్చా, మినిట్స్ (సమావేశంలో ఏం చర్చించారో, ఏం తీర్మానించారో రాసిపెట్టిన రికార్డు) చూడొచ్చా అన్నది అడగకముందే ఆఫీసు ప్రకటించాలి. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెప్పేది అదే. మీ మొదటి ప్రశ్న ఆ ప్రకటన గురించే ఉండాలి. తర్వాత తేదీలు వేసి, ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా జరిగిన సమావేశాల నోటీసులు, హాజరు పట్టీ, మినిట్స్ నకళ్లు కోరండి.

చాలా దరఖాస్తులు దెబ్బతినేది ఇక్కడే: "రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడుగుతారు. ఆఫీసు ఇవ్వాల్సింది తన దగ్గరున్న రికార్డు, సంజాయిషీ కాదు. పైగా కర్ణాటక నియమాల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 పదాల లోపు ఉండాలి. చెత్త, డ్రైనేజీ, మినిట్స్ కలిపేస్తే మొదటి విషయానికే జవాబిచ్చి, మిగతావాటికి వేరే దరఖాస్తులు పెట్టమనొచ్చు.

ఫీజు 10 రూపాయలు. కారణం చెప్పక్కర్లేదు. రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆ గడువు ముగిశాక మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి.