జిల్లా పేరుతో ఫోల్డర్ పెట్టకు

చి॥ హారికకు,

అత్త ఆశీస్సులు. నువ్వు పంపిన చేనేత సైట్ ఫోల్డర్లన్నీ తీరిగ్గా చూశాను. ఉప్పాడ జాందానీ మీద రాసింది చాలా బాగుంది. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని బుటా ఎత్తడం కళ్లకు కట్టినట్టు రాశావు. రాత విషయంలో నేను చెప్పేదేం లేదు. సర్దిన తీరు గురించి మాత్రం ఇప్పుడే చెప్పాలి. ఇంకో రెండొందల పేజీలు చేరాక కదపాలంటే నీకే టెన్షన్.

నీ సైట్‌ని తయారుచేసే సాఫ్ట్‌వేర్ హ్యూగోలో, కంటెంట్ ఫోల్డర్ లోపల నేరుగా ఏ ఫోల్డర్ పెడితే అది సెక్షన్ (సైట్‌లో ఒక విభాగం) అవుతుంది, ఆ పేరే వెబ్ అడ్రస్‌లోకీ ఎక్కుతుంది. కాబట్టి ఫోల్డర్‌కి పేరు పెట్టే ముందు ఒక్కటే అడుగు: పదేళ్ల తర్వాత కూడా ఈ పేరు ఇలాగే ఉంటుందా? నువ్వు జిల్లాలవారీగా పెట్టావు. నల్గొండలో పోచంపల్లి, మహబూబ్‌నగర్‌లో గద్వాల, నారాయణపేట, తూర్పు గోదావరిలో ఉప్పాడ. పాత పుస్తకాల్లో అలాగే ఉంటుంది, నిజమే. కానీ 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. పోచంపల్లి యాదాద్రి భువనగిరిలోకి వెళ్లింది, గద్వాల జోగులాంబ గద్వాల జిల్లాలోకి వచ్చింది. 2019లో నారాయణపేట తనే ఒక జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు ఉప్పాడ కాకినాడ జిల్లాలో చేరింది. నీ సైట్ 2015లో మొదలై ఉంటే, ఈ నాలుగు ఊళ్ల అడ్రసులూ ఈపాటికి మార్చాల్సి వచ్చేది. అప్పటికే వాట్సాప్‌లో పంచుకున్న లింకులన్నీ తెగిపోయేవి.

అందుకే పైవరసలో సెక్షన్లు మూడే పెట్టు: ఊళ్లు, నేతలు (అంటే నేత రకాలు), ముఖాముఖి. ఒక ఊరి గురించి రాసింది ఎప్పటికీ ఊరి గురించి రాసిందే. ఒక నేతగాడితో మాట్లాడింది ఎప్పటికీ ఆ మాటే. ఇవి మారవు. జిల్లా, రంగు, నూలు రకం, జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే) గుర్తింపు లాంటివన్నీ ప్రతి పేజీ పైన టైటిల్, తేదీ రాసే చోట ట్యాగుల్లా రాయి. పోచంపల్లి పేజీలో యాదాద్రి భువనగిరి రాసి, పాత పేరుతో వెతికేవాళ్ల కోసం నల్గొండ కూడా పక్కన పెట్టొచ్చు. ఫోల్డర్ ఒక్కటే, ట్యాగులు ఎన్నైనా.

తేలియా రుమాల్ వ్యాసం రెండు చోట్ల కాపీ చేసి పెట్టావు, చీరాల ఫోల్డర్లో ఒకటి, పుట్టపాక ఫోల్డర్లో ఒకటి. ఒకటి తీసెయ్. రేపు ఒకదాంట్లో తేదీ సరిచేసి రెండోది మర్చిపోతావు, చదివేవాళ్లకి ఏది నమ్మాలో తెలియదు. అది ఒక నేత గురించిన వ్యాసం కాబట్టి దాని ఇల్లు ‘నేతలు’. చీరాల, పుట్టపాక రెండూ ట్యాగులుగా ఉంటే రెండు ఊళ్ల నుంచీ దారి ఉంటుంది.

జిల్లా కోసం కాన్ఫిగ్ ఫైల్లో (సైట్ సెట్టింగులు ఉండే ఫైల్) కొత్త వర్గీకరణ రాసేటప్పుడు ఒక జాగ్రత్త. హ్యూగో తనంతట తాను ఇచ్చే ట్యాగ్స్, క్యాటగిరీస్ రెండూ, నువ్వు సొంతంగా ఏదైనా రాయగానే పోతాయి. కావాలంటే వాటిని కూడా ఆ జాబితాలో మళ్లీ రాయాలి. ఇంకోటి, పేజీ పైన వాడాల్సింది కాన్ఫిగ్‌లో ఇచ్చిన బహువచన రూపం. ఏకవచనం రాస్తే ఏ ఎర్రరూ రాదు, పేజీ మాత్రం ఆ జాబితాలో కనపడదు.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న, ఉప్పాడ ఫోల్డర్లో నాలుగు వ్యాసాలు పెడితే ఒక్కటీ ఎందుకు రావడం లేదని. ఆ ఫోల్డర్లో ఇండెక్స్ డాట్ ఎండీ (index.md) అనే ఫైల్ ఉంది. ఆ పేరు చూడగానే హ్యూగో ఫోల్డర్ మొత్తాన్ని ఒకే పేజీగా తీసుకుంటుంది, మిగతా ఎండీ ఫైళ్లని ఆ పేజీకి సంబంధించిన సామగ్రి అనుకుంటుంది. వాటికి విడిగా పేజీలు పుట్టవు. ఆ పేరు ముందు ఒక అండర్‌స్కోర్ (_) పెట్టు. అప్పుడు ఉప్పాడ లోపలి సెక్షన్ అవుతుంది, నాలుగూ బయటికొస్తాయి. పైవరస ఫోల్డర్లకి ఈ ఫైల్ లేకపోయినా సెక్షన్ అవుతాయి. లోపలి ఫోల్డర్లకి మాత్రం ఉండి తీరాలి. లేకపోతే ఎవరైనా అడ్రస్ చివరి ముక్క చెరిపి పైకి వెళ్దామని చూస్తే పేజీ లేదని వస్తుంది.

అండర్‌స్కోర్ లేని పద్ధతి కూడా పనికొస్తుంది, ముఖాముఖి సెక్షన్‌లో అదే వాడు. ఒక్కో మనిషికి ఒక ఫోల్డర్, దాంట్లో ఇండెక్స్ ఫైల్, పక్కనే ఆయన ఫొటోలు, ఆడియో. ఇప్పుడు నీ ఫొటోలన్నీ స్టాటిక్ ఫోల్డర్లో ఒకే గుట్టగా ఉన్నాయి, ఏది ఎవరిదో కెమెరా ఇచ్చిన నంబర్లు చూసి చెప్పలేం.

ఫోల్డర్ పేర్లు తెలుగులో పెట్టాలన్న నీ ముచ్చట నాకు అర్థమైంది. తెలుగులో ఉండాల్సింది చదివేవాళ్లకి కనపడే టైటిల్. అడ్రస్‌ని కాపీ చేసి ఈమెయిల్లో అతికించినప్పుడు చాలాసార్లు ప్రతి తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటీ తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. ‘ఉప్పాడ’ ఒక్కటే 54 గుర్తులు. అది చూసి ఎవరూ నొక్కరు, ఏదో వైరస్ లింక్ అనుకుంటారు. ఫోల్డర్లకి చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు పెట్టి, అండర్‌స్కోర్ ఇండెక్స్ ఫైల్లో టైటిల్ చక్కగా తెలుగులో రాయి. టైటిల్ రాయడం మానేస్తే హ్యూగో ఫోల్డర్ పేరునే తీసుకుని, చివర ఇంగ్లిష్ బహువచనం తగిలించి చూపిస్తుంది. ‘నేతలు’ కాస్తా ‘నేతలుస్’ అవుతుంది. జిల్లా ట్యాగులకి కూడా ఇదే పద్ధతిలో ఇండెక్స్ ఫైల్ పెట్టి తెలుగు టైటిల్ ఇవ్వొచ్చు.

వరుస కోసం వెయిట్ (పేజీ ఎన్నోదిగా రావాలో చెప్పే అంకె) వాడుతున్నావు, మంచిదే. 1, 2, 3 అని ఇవ్వకుండా 10, 20, 30 అని ఇవ్వు, మధ్యలో మంగళగిరి చేర్చాల్సి వస్తే 15 ఉంటుంది. వెయిట్ ఇవ్వని పేజీలు ఇచ్చినవాటి తర్వాతే వస్తాయి. ముఖాముఖికి అసలు వెయిట్ వద్దు, తేదీ ప్రకారం కొత్తవి పైన రావడమే సహజం.

ఒకే ఒక్క వ్యాసం కోసం కొత్త సెక్షన్ తెరవకు. మ్యూజియంలు అని ఒకటి పెట్టి ఖాళీగా ఉంచావు, దాన్ని తీసెయ్. ఊళ్లలోపల మళ్లీ రెండు అంచెల ఫోల్డర్లు కూడా వద్దు.

ఇప్పటికే బయటికి వెళ్లిన పేజీలని కదిపేటప్పుడు ప్రతి పేజీ పైన ఏలియాసెస్ అని రాసి పాత అడ్రస్ ఇవ్వు. హ్యూగో ఆ పాత చోట ఒక చిన్న పేజీ పెట్టి, వచ్చినవాళ్లని కొత్త చోటికి పంపుతుంది. సెక్షన్‌కి ఒక్కసారి రాస్తే లోపలి పేజీలకి వర్తించదు, ఒక్కోదానికీ విడిగా రాయాలి. ఓపిక పట్టి రాయి, ఆ లింకుల్ని నేతగాళ్ల పిల్లలు దాచుకుని ఉంటారు.

ముందు ‘ఊళ్లు’ ఒక్కటీ సర్ది నాకు పంపు. అది చూశాక ‘నేతలు’ సంగతి ఫోన్లో మాట్లాడుకుందాం. ఇకత్, జాందానీ నేతలని విడి సెక్షన్లు చేయాలా వద్దా అన్నది నువ్వు ఎన్ని వ్యాసాలు రాయబోతున్నావో తెలిస్తే గానీ చెప్పలేను.

ఇట్లు,
నీ అత్త