బాల్ పైథాన్ పెట్టెలో అడుగున ఏం పరచాలి? గోదావరి డెల్టా తేమను దృష్టిలో పెట్టుకుని ఒక సమాధానం

భీమవరం నుంచి ప్రశ్న అడిగిన మిత్రులకు నమస్కారం. కొత్తగా తెచ్చుకున్న బాల్ పైథాన్ (ఆఫ్రికాకు చెందిన చిన్న కొండచిలువ జాతి) పిల్లకు పెట్టె అడుగున రైసుమిల్లులో ఊరికే దొరికే ఊక పరచవచ్చా, సామిల్లు పొట్టు మేలా, లేక విదేశీ పుస్తకాల్లో చెప్పే ఆస్పెన్ చెక్క తురుమునే తెప్పించుకోవాలా అని మీరు అడిగారు. నా అభిప్రాయంలో ఈ మూడూ వద్దు. అమలాపురం దగ్గర కొన్నేళ్లుగా ఇదే జాతి పామును పెంచుతున్నాను. మన ప్రాంతానికి బాగా సరిపోయేది కడిగి ఆరబెట్టిన కొబ్బరి డొక్క ముక్కలే. పాము కొత్తగా ఇంటికి వచ్చిన తొలి నెలల్లో మాత్రం తెల్ల కాగితం పరచండి.

ఈ పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల్లో రాసినవి. అక్కడ ఇళ్లలో శీతకాలమంతా హీటర్లు నడుస్తాయి కనుక గాలి ఎండిపోతుంది, పెట్టెలో తేమ నిలపడమే పెంపకందారులకు పెద్ద పని అవుతుంది. మనకు జూన్ నుంచి నవంబరు దాకా పరిస్థితి దీనికి పూర్తిగా వ్యతిరేకం. బాల్ పైథాన్‌కు గాలిలో తేమ మామూలుగా 50 నుంచి 60 శాతం, కుబుసం విడిచే రోజుల్లో 70 శాతం వరకు ఉంటే సరిపోతుంది. ముసురు పట్టిన రోజున మన గదుల్లోనే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందువల్ల మనం పరిచే పదార్థం తేమను ఎంత పట్టి ఉంచుతుందన్నదానికంటే, తడిసిన తరువాత బూజు పట్టకుండా ఎంత త్వరగా పైపొర ఆరుతుందన్నది ముఖ్యం. ఈ పాము పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో ఎలుక బొరియల్లోనూ చెదపుట్టల్లోనూ తలదాచుకుంటుంది. బొరియలోని గాలి చెమ్మగా ఉండవచ్చు గానీ, రోజుల తరబడి తడినేల మీదనే పడుకుంటే పొట్ట పొలుసులు ఎర్రబడి, గోధుమరంగుకు తిరిగి కుళ్లుతాయి.

ఊక విషయానికి వస్తే, దాని అంచులు గరుకుగా ఉంటాయి, దుమ్ము విపరీతం. ఊకను కాల్చగా మిగిలే బూడిదలో అత్యధిక భాగం సిలికాయే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. ఊక నుంచి లేచే సన్నని ధూళి మూసిన పెట్టెలో పాము ముక్కు దగ్గరే తిరుగుతుంది. ఎలుకను మింగేటప్పుడు ఊక నోటికి అంటుకుంటుంది. పైగా మిల్లు ఊకలో నూకలు, తవుడు కలిసి వస్తాయి కాబట్టి పురుగు చేరుతుంది. సామిల్లు పొట్టులో ఏ చెట్టు కలప ఉందో మిల్లు యజమానికి కూడా తెలియదు: టేకు, సరుగుడు, మందు కొట్టిన చెక్క, విదేశీ పైన్ అన్నీ ఒకే కుప్పలో పడతాయి. సెడార్, పైన్ చెక్కల నూనెల వాసన సరీసృపాల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఆస్పెన్ మంచి పదార్థమే, పొడి పెట్టెలో పెంచే కార్న్ స్నేక్ అనే మరో జాతి పాముకు బాగుంటుంది కూడా; అయితే తడి తగిలితే త్వరగా బూజు పడుతుంది. మన వర్షాకాలంలో దాన్ని నిలబెట్టుకోవడం కష్టం. గోదావరి ఇసుక పూర్తిగా వద్దు. ఆహారంతో కడుపులోకి పోతే పేగులకు అడ్డుపడవచ్చు.

ఇక కొబ్బరి. అంబాజీపేట చుట్టుపక్కల పీచు తీసే చోట్ల డొక్క ముక్కలు, పొట్టు రెండూ దొరుకుతాయి. ముక్కలు గోరు పరిమాణంలో ఉన్నవి ఎంచుకోండి. పొట్టు ఒక్కటే పరిస్తే ఎండలో దుమ్ము రేగుతుంది, వానల్లో బురదలా ముద్ద కడుతుంది. మూడు వంతుల ముక్కలకు ఒక వంతు పొట్టు కలిపితే రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. డొక్కలను ఉప్పునీటి కాలువల్లో ఊరబెట్టి ఉంటే పీచులోనూ పొట్టులోనూ ఉప్పు మిగిలిపోతుంది. కాబట్టి మంచినీటిలో నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి మళ్లీ నానబెట్టండి. మొదట టీ రంగులో వచ్చే నీరు పలచబడే దాకా ఇలా చేసి, గట్టి ఎండలో పరచి పూర్తిగా ఆరనివ్వండి. కడియం నర్సరీల వైపు నుంచి వచ్చే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) బస్తాలు తక్కువ ధరకు ఆకర్షణీయంగా కనిపిస్తాయి గానీ, మొక్కల కోసం ఎరువో శిలీంధ్రనాశినో కలిపి ఉండవచ్చు. ఏమీ కలపలేదని అమ్మేవారు స్పష్టంగా చెబితేనే తీసుకోండి. పెట్టెలో పెట్టేముందు పిడికెడు తీసి గట్టిగా నొక్కండి: ముద్ద కట్టేంత చెమ్మ ఉన్నా ఫరవాలేదు గానీ, వేళ్ల సందుల్లోంచి నీరు కారితే అది ఇంకా తడిగా ఉన్నట్టే.

అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందం చాలు. పెట్టె అడుగున హీట్ మ్యాట్ (కింది నుంచి వేడినిచ్చే కరెంటు పలక) పెట్టినట్లయితే ఇంకా ఎక్కువ మందం మంచిది కాదు. వేడి పైకి రాక అడుగునే పేరుకుంటుంది, పాము తవ్వుకుంటూ లోపలికి వెళ్లి గాజుకు ఆనితే పొట్ట కాలుతుంది. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ సెన్సరును మ్యాట్‌కూ పెట్టె అడుగుకూ మధ్య ఉంచండి. తేమ మీటరును గోడపై ఎత్తులో కాకుండా, పాము పడుకునే ఎత్తులోనే తగిలించండి.

తొలి నెలల్లో కాగితం ఎందుకంటే, పాము ఆరోగ్యం గురించి అది చెప్పినంత స్పష్టంగా ఏ పరుపూ చెప్పదు. నల్లని పిన్ను తలల్లా కదిలే చర్మపు పురుగులు తెల్ల కాగితం మీద వెంటనే కనిపిస్తాయి. మలం పలచబడినా, సుద్దలాంటి తెల్లటి భాగం రంగు మారినా ఆ రోజే తెలుస్తుంది. వార్తాపత్రిక కంటే, సిరా లేని తెల్ల కాగితం లేదా టిష్యూ తువాళ్లు మేలు. మన డెల్టాలో పాములను చూసే పశువైద్యులు తక్కువ కాబట్టి జబ్బును తొలి దశలోనే పసిగట్టడం ఎంతో అవసరం. బూజు వాసన వచ్చినా, పాము నోరు తెరిచి ఊపిరి తీసుకుంటున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా పరుపంతా తీసేసి కాగితానికి మారి, వెంటనే వైద్యుణ్ని సంప్రదించండి.

అక్టోబరు, నవంబరు తుపానుల ముందు ఆరబెట్టిన ముక్కలను రెండు మార్పులకు సరిపడా మూత బిగుతుగా ఉండే డబ్బాలో దాచుకోండి. వారం రోజుల ముసురులో తడి సరుకు ఆరదు. చీమలకు, బొద్దింకలకు భయపడి పెట్టె పక్కన కర్పూరం, నాఫ్తలీన్ గోళీలు, వేపాకు పెట్టవద్దని మా ఇంట్లో వారికి నేను కచ్చితంగా చెప్పాను. మూసిన పెట్టెలోకి ఆ ఆవిరి చేరుతుంది.

ఒక విషయం మీ ప్రశ్నలో లేకపోయినా చెప్పాలి. మన జెర్రిపోతునో కొండచిలువనో ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి అయినా వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాలో ఉంది కనుక కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. అది ఇంకా చేయకపోతే పరుపు కంటే ముందు ఆ పని చూడండి.

మలం పడిన చోటును ఆ రోజే తీసివేస్తూ, మొత్తం పరుపును నెలకోసారి, వానల్లో ఇంకా ముందే మార్చండి. తీసిన ముక్కలను కొబ్బరి చెట్ల మొదట్లో గొయ్యి తీసి పూడ్చవచ్చు. కూరమడిలో మాత్రం వేయకండి, సరీసృపాల మలంలో సాల్మొనెల్లా అనే జబ్బు కలిగించే బ్యాక్టీరియా ఉండవచ్చు. ఆ పని చేసిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, చిన్నపిల్లల చేత చేయించకండి.